మండని కొలిమి చైర్మన్

ఆయన చైర్మన్ కాకముందే ఊళ్లో అందరూ ఆయన్ని చైర్మన్ అనే పిలిచేవారు. బస్టాండు వెనక వీధిలో ఆయనకో సెలూన్ షాపు ఉండేది. గోడంత అద్దం, దాని కింద వరుసగా కత్తెరలు, దువ్వెనలు, గిర్రున తిరిగే కుర్చీలు రెండు. "కుర్చీ ఉన్నవాడే చైర్మన్, మనవాడికి రెండున్నాయి" అని ఎవరో ఒక ఆదివారం పూట అన్న మాట అలా అతుక్కుపోయింది.

మనిషి మాటకారి. కత్తెర ఎంత ఆడేదో నోరూ అంతే ఆడేది. గొంతు మీద కత్తి పెట్టినప్పుడు మాత్రం మాట ఆపేసేవాడు. ఆ సమయంలో ఎదుటివాడు నవ్వితే ఆ గొంతుకే ప్రమాదమని ఆయనకు తెలుసు. భార్య ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. ఊళ్లో సగం మందిని పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది ఆవిడ, ఆ తలలకు తర్వాత కత్తెర పెట్టింది ఈయన. అలాంటి ఇంటికి కాక ఓట్లు ఇంకెవరికి పడతాయి? కౌన్సిలరుగా గెలిచాడు. చైర్మన్ పదవి దగ్గర రెండు వర్గాలు కొట్టుకుని, ఎటూ తేలక, ఎవరితోనూ గొడవ లేని మనిషి కావాలని వెతికితే ఈయన దొరికాడు. అలా వేళాకోళం కాస్తా నిజమైంది. అయినా షాపు మూయలేదు. పొద్దున్నే గడ్డాలు గీసి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లేవాడు.

ఊరి చివర చెత్తదిబ్బ ఉండేది. ఎప్పుడూ ఏదో ఒక మూల పొగలు కక్కేది. దాని పక్క వీధిలో ఇస్త్రీ బళ్లవాళ్లు ఉండేవారు. చైర్మన్ అయిన కొత్తల్లో ఒకనాడు ఆయన అటు వెళ్తే, ఒక ఇస్త్రీ ఆవిడ అప్పుడే మడతపెట్టిన బట్టల్ని విప్పి మళ్లీ నీళ్లలో వేస్తోంది. ఎందుకమ్మా అంటే, గాలి ఇటు తిరిగిందన్నయ్యా, వాసన పట్టేసింది, ఎవరు తీసుకుంటారు, అంది. విసుక్కోకుండా, రోజూ జరిగేదే అన్నట్టు చెప్పింది. ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఈ దిబ్బను తీయించకపోతే నేనేం చైర్మన్ని అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక కంపెనీవాళ్లు వచ్చారు. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు కడతామన్నారు. అద్దాల పెట్టెలో చిన్న నమూనా తెచ్చి బల్ల మీద పెట్టారు. మీట నొక్కితే బుల్లి లారీ కదిలేది, కొలిమిలో ఎర్రగా వెలిగేది, ఆ పక్కన బొమ్మ ఇళ్లలో దీపాలు వెలిగేవి. చైర్మన్ ఆ మీట నొక్కుతూనే ఉన్నాడు. చివరికి కంపెనీ మనిషి, బ్యాటరీ అయిపోతుందండీ, అని పెట్టెను మెల్లగా పక్కకు జరిపాడు.

తీర్మానం పెట్టిన రోజున మునిసిపల్ ఇంజనీరు లేచింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి, మాట నెమ్మది. కంపెనీవాళ్లు చెత్త నమూనాలు ఎండాకాలంలో తీశారని, మన చెత్తలో ఎక్కువ భాగం కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన తిండి అని, కాగితం, అట్టలూ దిబ్బకు చేరకముందే ఏరుకునేవాళ్లు పట్టుకెళ్తారని, ఈ తడి చెత్త కొలిమిలో సొంతంగా మండదేమోనని చెప్పింది. ఇంకో ఏడాది పాటు అన్ని కాలాల్లోనూ పరీక్షించి నిర్ణయించుకుందామంది.

ఇంకో ఏడాది అనేసరికి చైర్మన్ గుండె జారింది. ఆయన చేతిలో ఉన్న విద్య ఒక్కటే, దాన్నే వాడాడు. "అమ్మా, నా దగ్గరకి తల తడుపుకుని వచ్చేవాళ్లు బోలెడుమంది. తడిగా ఉందని వెనక్కి పంపేస్తానా? తువ్వాలుతో తుడిచి కత్తిరిస్తాను" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నవ్వు ఆగేసరికి ఆ అమ్మాయి కూర్చుని ఉంది. చేతులు లేచాయి, తీర్మానం గట్టెక్కింది.

ఆ తర్వాత ఆయన వీధి వీధికీ తిరిగాడు. దిబ్బ పోతుంది, వాసన పోతుంది, పైగా కరెంటు అన్నాడు. ఇస్త్రీ వీధికి వెళ్లి, మీ పిల్లలకే ముందు ఉద్యోగాలు అన్నాడు. చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా అబద్ధమని ఆయన అనుకోలేదు. షెడ్డు లేచింది, కొలిమి వచ్చింది, ఊళ్లో ఎక్కడ నిలబడినా కనపడేంత పొగగొట్టం లేచింది. గేటు పక్కన శిలాఫలకం కూడా చెక్కించారు, అందులో మొదటి పేరు ఆయనదే.

పరీక్షగా వెలిగించిన రోజున ముందు రాత్రి వాన పడింది. లారీ చెత్త కొలిమిలో పోస్తే, పొయ్యిలో నీళ్లు పోసినట్టు చుయ్‌మని ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. ఆయిలు వదిలితే భగ్గుమంది, ఆయిలు ఆపితే మంటా ఆగింది. కొన్ని వారాల పాటు ఇదే తంతు. ఇంజనీరు లెక్కలు కట్టి చైర్మన్ గదికి వచ్చింది. ఈ ప్లాంటు ఇచ్చే కరెంటు కన్నా తినే ఆయిలే ఎక్కువని, ఎన్ని మార్పులు చేసినా ఈ చెత్తతో ఇది నడవదని చెప్పింది. మొదట్లోనే చెప్పాను కదా అన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. అది వచ్చి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

ప్రారంభోత్సవం దగ్గర పడింది. కంపెనీ మనిషి ఒక ఉపాయం చెప్పాడు. కట్టెల మిల్లు నుంచి ఎండు చెక్క తెప్పించి ఆ రోజుకు కొలిమి నింపుదాం, మీరు మీట నొక్కండి, పొగ వస్తుంది, ఫొటోలు పడతాయి, తర్వాత మరమ్మతులని ఆపేద్దాం, అన్నాడు. కమిషనరు మహా జాగ్రత్తపరుడు, తామరాకు మీద నీటిబొట్టులా ఉద్యోగం చేసుకొచ్చిన మనిషి. ప్లాంటు నడుస్తుందన్న నివేదిక బయటి సలహాదారుది, నమూనాలు కంపెనీవి, అనుమతి పైవాళ్లది, కాబట్టి మన ఆఫీసులో ఎవరూ బాధ్యులు కారు అని సౌమ్యంగా వివరించాడు. విన్నంతసేపూ చైర్మన్‌కు హాయిగానే అనిపించింది. చూద్దాంలెండి, అని లేచి వచ్చేశాడు.

సాయంత్రం భార్య డ్యూటీ దిగి వచ్చింది. ఆయన అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గాని తినడం లేదు. విషయమంతా చెప్పి, చివర్లో, ఇందులో నా తప్పు ఏ పాటిదంటావు అని అడిగాడు. ఆవిడ మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"అది నాకు తెలీదండీ. మా ఆసుపత్రిలో లోపల ఏదన్నా తేడా జరిగిందనుకోండి. తప్పెవరిదో తేలడానికి చాలా కాలం పడుతుంది. కానీ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు అడిగేది అది కాదు. తలుపు తీసుకుని ఎవరొకరు బయటికొచ్చి చెప్పాలి, అంతే. ఎవరూ రాకపోతే మాత్రం వాళ్లు జన్మలో క్షమించరు."

ఆయన కంచం దగ్గరకు జరుపుకున్నాడు. అన్నం మొత్తం తినేశాడు. అది చూసి, ఈయన ఏదో నిర్ణయానికి వచ్చాడని ఆవిడకు అర్థమైంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూనే ఇంజనీరు గదికి వెళ్లాడు. చైర్మన్ తన గదికి రావడం చూసి ఆమె కంగారుగా లేచింది. ఆయన కూర్చోలేదు. "అమ్మా, ఆ రోజు నీ మాటకి జవాబు నా దగ్గర లేదు. లేక జోకు వేశాను. తప్పు చేశాను" అన్నాడు. ఆమె, జోకు బాగానే ఉందండీ, నాకూ నవ్వొచ్చింది, కానీ నవ్వు అయ్యాక నేను మళ్లీ లేచి ఉండాల్సింది, అంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే ప్రారంభోత్సవం నాడు ఏం చేయాలో మాట్లాడుకున్నారు. రద్దు చేద్దామా అని ఆమె అడిగితే, వద్దమ్మా, చెడు కబురు వినడానికి రమ్మంటే ఎవరూ రారు, బ్యాండు ఉందంటే ఊరంతా వస్తారు, అన్నాడు.

అన్నట్టే ఊరంతా వచ్చింది. షామియానా, కుర్చీలు, ఎర్ర చొక్కాల్లో బ్యాండువాళ్లు. ఇస్త్రీ వీధివాళ్లు ఉతికిన బట్టల్లో ముందు వరసలో కూర్చున్నారు. కమిషనరుకు కబురు ఆ పొద్దున్నే చెప్పడంతో, ఆయన వేదిక మీద తన కుర్చీని వీలైనంత చివరకు జరుపుకుని కూర్చున్నాడు. చైర్మన్ మైకు ముందుకు వచ్చాడు.

"ఈ కొలిమి మండదు" అని మొదలుపెట్టాడు. "లోపల ఎండు చెక్క పేర్చుకుని ఇవాళ మీట నొక్కచ్చు, మంట వస్తుంది. రేపు మన చెత్త వేస్తే ఆరిపోతుంది. మన చెత్త తడి. ఆ సంగతి ఈ ఇంజనీరు గారు మొదట్లోనే చెప్పారు. నేను ఒక జోకు వేసి, అందరినీ నవ్వించి, ఆవిణ్ణి కూర్చోబెట్టాను. కంపెనీ తప్పు ఎంతో, ఇంకెవరి తప్పు ఎంతో తర్వాత తేలుతుంది. నా తప్పు ఇప్పటికే తేలిపోయింది. నమ్మమని మీ గుమ్మాల్లోకి వచ్చి చెప్పింది నేను. నమ్మొద్దని చెప్పడానికి కూడా నేనే రావాలి కదా."

షామియానా గుడ్డ గాలికి టపటపలాడటం వినపడింది. ముందు వరసలోంచి ఇస్త్రీ ఆవిడ లేచింది. "మరి మా పిల్లల ఉద్యోగాలో అన్నయ్యా?"

"ఇవాళ నా దగ్గర లేవు చెల్లెమ్మా. ఉన్నాయంటే రెండో అబద్ధం అవుతుంది."

ఆవిడ కూర్చోలేదు, అలాగే నిలబడింది. ఆయన తల దించుకోకుండా ఆవిడనే చూస్తూ నిలబడ్డాడు. జీవితంలో అంత కష్టపడి నిలబడింది లేదని తర్వాత షాపులో చాలాసార్లు చెప్పుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఇనుప సామాన్ల కొట్టాయన లేచి, తప్పు ఒప్పుకుంటే సరా, రాజీనామా చెయ్యాలి, అన్నాడు. అక్కడక్కడా చప్పట్లు పడ్డాయి. చైర్మన్, మీరందరూ అదే కోరితే ఇప్పుడే దిగిపోతాను, అని మైకు ముందు నుంచి నిజంగానే పక్కకు జరిగాడు. బహుశా ఆ క్షణాన ఆయనకు అదే సుఖమనిపించి ఉంటుంది.

షాపుకు రోజూ వచ్చే రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఉన్నాడు, అందరికీ పోస్టు మామయ్య. చేతికర్ర ఊతంతో నెమ్మదిగా లేచాడు. "ఆగరా అల్లుడూ. సగం గడ్డం గీసి, కత్తి పక్కన పెట్టి, ఇక నావల్ల కాదు వెళ్లిపొమ్మంటే మేం వీధిలోకి ఏ మొహంతో పోవాలి? మిగతా సగం గీసి అప్పుడు దిగు."

ఎవరో కిసుక్కుమన్నారు. అది పక్కవాడికి, అక్కణ్నుంచి వెనక వరసకి, చివరికి ఇనుప సామాన్ల కొట్టాయనకు కూడా అంటుకుంది. ఆ నవ్వు విని, కార్యక్రమం అయిపోయిందనుకుని బ్యాండు మేస్త్రి సైగ చేశాడు. బాకాలు, డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. మండని కొలిమికి అంత ఘనమైన ప్రారంభోత్సవం ఇంకే ఊళ్లోనూ జరిగి ఉండదు.

అలాగని ఊరి కోపం ఒక్క నవ్వుతో పోలేదు. వారం తిరగకుండానే ఒక ఉదయం షాపు తీయబోతే, గుమ్మం ముందు ఎవరో బండెడు చెత్త కుమ్మరించి పోయారు. అప్పటికే గడ్డాలకు వచ్చినవాళ్లు ముక్కులు మూసుకుని ఎదురు అరుగు మీద నిలబడ్డారు. చైర్మన్ కాసేపు ఆ కుప్పనే చూశాడు. లుంగీ పైకి కట్టి, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, కింద కూర్చున్నాడు. తొక్కలు, ఆకులు ఒక పక్కకు, కాగితాలు, డబ్బాలు ఇంకో పక్కకు వేయసాగాడు. వేస్తూ ఊరుకోలేదు, ఎవరింట్లో వంకాయ పుచ్చిందో, ఎవరు దోసకాయ సగమే తిన్నారో వ్యాఖ్యానం చెబుతూ పోయాడు. చూడ్డానికి జనం మూగారు. తడి కుప్ప కొండంత అయింది, పొడిది చాటెడు.

ఆఫీసుకు వెళ్తున్న ఇంజనీరు అక్కడ ఆగింది. నేను నివేదికలో ఎన్ని పేజీలు రాసినా ఇంత బాగా చెప్పలేకపోయాను, అంది. ఆయన తల ఎత్తి, నా షాపులో ఊడ్చిన వెంట్రుకలు ఏ కుప్పలో వేయాలమ్మా, అని అడిగాడు. తడి వాటితోనే, కాస్త ఆలస్యంగా కుళ్లుతాయి గాని ఎరువుకు మంచివే, అని ఆమె చెప్పింది. "అయితే ఇన్నాళ్లూ మీ తలల మీద పంట పండిందన్నమాట" అని ఆయన ఎదురు అరుగు వైపు తిరిగాడు.

పని అక్కణ్నుంచి మొదలైంది. ప్లాంటును ఆపేస్తూ కౌన్సిల్ తీర్మానం చేసింది. కంపెనీతో వ్యవహారం కోర్టుకెక్కింది. చైర్మన్ మాత్రం రోజూ ఒక వీధి చొప్పున చెత్త బండి వెనక నడిచాడు. తడీ పొడీ కలిపి తెచ్చినవాళ్లను తిట్టలేదు. వాళ్ల ముందే బుట్ట దించి విడదీసేవాడు, పక్కింటివాళ్లకు వినపడేలా వ్యాఖ్యానం చెప్పేవాడు. ఆ వ్యాఖ్యానానికి భయపడి ఆడవాళ్లూ మగవాళ్లూ ఇంట్లోనే విడదీయడం నేర్చుకున్నారు. పోస్టు మామయ్య అయితే రెండు బుట్టలు గుమ్మం ముందు పెట్టుకుని కాపలా కూర్చునేవాడు.

ఇంజనీరు ఆ పెద్ద షెడ్డులో కొలిమి పక్కనున్న చోటంతా తొట్లు కట్టించి ఎరువు తయారీ పెట్టించింది. రెండో వైపు పొడి చెత్త ఏరే బల్లలు వేయించింది. దిబ్బ మీద ఏరుకు బతికేవాళ్లకూ, ఇస్త్రీ వీధి ఆడవాళ్లకూ అక్కడ పని దొరికింది. చైర్మన్ మాట ఇచ్చినంత మందికి దొరకలేదు. ఎవరికి దొరకలేదో వాళ్ల ఇళ్లకు ఆయనే వెళ్లి చెప్పాడు. ఇస్త్రీ ఆవిడ కూతురు ఏరే బల్లల మీద అజమాయిషీకి కుదిరింది. దిబ్బ ఒక్కసారిగా మాయం కాలేదు గాని, కొత్తగా పెరగడం మానేసింది. గాలి అటు తిరిగినా బట్టలు మళ్లీ ఉతకక్కర్లేని రోజులు వచ్చాయి. అలాంటి మొదటి రోజున ఇస్త్రీ ఆవిడ ఒక చొక్కా తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టి, చూడన్నయ్యా, అంది. ఆయన వాసన చూసి, సబ్బు వాసన తప్ప ఇంకేం రావడం లేదే, అన్నాడు. ఇద్దరూ ఆ చొక్కా ఎవరిదో కూడా పట్టించుకోకుండా దాన్ని వీధిలో కనపడినవాళ్లందరికీ చూపించారు.

ప్లాంటు మీద పైనుంచి విచారణ వచ్చింది. విచారణ అధికారి ముందు కమిషనరు తన సౌమ్యమైన వివరణ మొదలుపెట్టాడు. చైర్మన్ ఆయన్ని పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాత, నా పేరు మొదట రాసుకోండి సార్, మిగతావి ఆ కింద మీ ఇష్టం, అన్నాడు. విచారణ తేల్చిందీ దాదాపు అదే. కంపెనీని, సలహాదారును, కమిషనరును తప్పుపట్టింది, నిపుణుల అభ్యంతరాన్ని పక్కన పెట్టించినందుకు చైర్మన్‌ను గట్టిగా మందలించింది. ఆ మందలింపు పేపర్లో పడిన రోజున షాపులో ఎవరూ ఆ పేజీ తిప్పడానికి సాహసించలేదు. ఆయనే తీసి, నురగ అంటిన బ్రష్షు చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని అందరికీ చదివి వినిపించాడు. గేటు దగ్గరి శిలాఫలకాన్ని తీయించమని కొందరు అభిమానంతో అంటే వద్దన్నాడు. పేరు చెక్కించుకునేటప్పుడు సిగ్గుపడలేదు, ఇప్పుడెందుకు, అన్నాడు. కౌన్సిల్‌లో మాత్రం ఒక నియమం పెట్టించాడు: ఇంజనీరు అభ్యంతరం చెబితే, దానికి జవాబు దొరికేదాకా ఎవరూ చేయి ఎత్తకూడదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. పెద్ద తేడాతో కాదు గాని ఓడిపోయాడు. ఒక పొగగొట్టం ఊరి నెత్తిన ఊరికే నిలబడి ఉంటే ఓట్లు ఎక్కణ్నుంచి వస్తాయని ఆయనే అన్నాడు. ఇంజనీరు ఫోను చేస్తే, నాకేం పర్లేదమ్మా, తొట్లు ఎండనీయకు, అని చెప్పాడు.

మర్నాడు షాపు తీసేసరికి అరుగు మీద మనుషులు నిండిపోయి ఉన్నారు. ఓటు వేసినవాళ్లు వేశామని చెప్పుకోవడానికి, వేయనివాళ్లు వేయలేదని ఆయన అనుకోకుండా ఉండటానికి, అందరూ గడ్డాలకు వచ్చారు. నిన్ననే గీయించుకున్నవాళ్లు కూడా వచ్చారు. ఇనుప సామాన్ల కొట్టాయన గడ్డం నిమురుకుంటూ కూర్చుంటే, చైర్మన్ ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టి, "ఇప్పుడు నాకు తొందరేం లేదు, నెమ్మదిగా గీస్తాను" అన్నాడు. కొట్టాయన అద్దంలోంచి ఆయన్ని చూసి, కళ్లు మూసుకుని, ధైర్యంగా గొంతు ఎత్తాడు.

సాయంత్రం భార్య ఆసుపత్రి నుంచి నేరుగా షాపుకు వచ్చింది. ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలే ఉన్నారు. ఆవిడ బల్ల మీద కూర్చుని, ఆ రోజు పుట్టిన కవలల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఒకడు ఏడుస్తూ పుట్టాడట, రెండోవాడు ఆవులిస్తూ. కత్తెర ఆపి ఆయన పడీ పడీ నవ్వాడు. సగం కత్తిరించిన తలతో కుర్చీలో ఉన్న మనిషి కూడా, తనకేం తొందర లేనట్టు, ఆ తర్వాత ఏమైందమ్మా, అని అడిగాడు.